తమ్ముడి కోసం మందు కనిపెడతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. మా బాబు పుట్టగానే ఏడవలేదు, మెదడుకు ఆక్సిజన్ అందలేదన్నారు. ఆరేళ్లు వచ్చినా నడవలేడు. రోజూ వాడి కాళ్లకు వ్యాయామం చేయించేది అక్కే. అలాంటి పిల్లలకు మందు కనిపెడతానంటోంది. నువ్వు చదివేసరికి వాడికేం ఉపయోగమని చెప్పి చూశాను. నీట్ లాంగ్‌టర్మ్, బీఫార్మసీ, ఏఐతో మందులు కనిపెట్టడం నేర్పుతామంటున్న బయోటెక్ బీటెక్‌లలో ఏది మంచిది?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, తమ్ముడి బరువును అమ్మాయి జీవితాంతం మోస్తుందేమోనన్న భయమే మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను. ఇష్టంతో చదివినంత కాలం ఆ చదువు వారికి బరువు కాలేదు.

ముందుగా ఏఐ కోర్సు సంగతి. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందని పిల్లల విషయంలో కొరత మందుగా పనికొచ్చే కొత్త అణువులది కాదు, ఏది ఎప్పుడు పనిచేస్తుందన్న అవగాహనది. రక్తహీనతకు వాడే ఎరిత్రోపోయిటిన్ ఎప్పటినుంచో ఉన్న మందు. ఎలుక పిల్లల్లో మెదడును కాపాడింది, కానీ అమెరికాలో 500 మంది శిశువులపై జరిపి 2022లో ప్రకటించిన పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. ఇలా పుట్టిన శిశువు శరీరాన్ని 72 గంటలపాటు చల్లబరిచే చికిత్స సంపన్న దేశాల్లో ప్రాణాలు కాపాడుతుండగా, భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మందిపై జరిగిన 2021 నాటి హెలిక్స్ అధ్యయనంలో చల్లబరిచిన శిశువుల్లో 42 శాతం, మిగతావారిలో 31 శాతం మరణించారు. ప్రయోగశాలలో ఏడు రోజుల ఎలుక పిల్లకు మెడలో ఒక పక్క ధమనిని కట్టివేసి, 8 శాతం ఆక్సిజన్‌లో ఉంచుతారు కాబట్టి దెబ్బ ఎప్పుడు తగిలిందో నిమిషాలతో సహా తెలుస్తుంది. ప్రసవంలో అది తెలియదు. తల్లి కడుపులోనే ఇన్‌ఫెక్షన్ సోకి, మెదడులోని రక్షణ కణాలైన మైక్రోగ్లియా అప్పటికే రేగి ఉంటే, అదే మందు అదే ఫలితం ఇవ్వకపోవచ్చు. ఆ కణాలు ఇలా రేగడం (ఇన్‌ఫ్లమేషన్) ఏ గంటలో హాని చేస్తుందో, ఏ దశలో గాయం మానడానికి తోడ్పడుతుందో తేల్చడానికి ఫార్మకాలజీ (మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం), శరీరధర్మశాస్త్రం గట్టిగా రావాలి. కంప్యూటర్ నైపుణ్యం తర్వాతైనా నేర్చుకోవచ్చు. బ్రోషర్‌లోని పేరు చూసి నాలుగేళ్ల ఫీజు కట్టడం నాకు సమ్మతం కాదు.

బీఫార్మసీ చేసి, ఫార్మకాలజీలో పీజీకి హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ (కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ విద్యా, పరిశోధన సంస్థ) వంటి చోట చేరి, పీహెచ్‌డీకి వెళ్లే దారి ఆమె కోరికకు దగ్గరది. మధ్యలో ఆగినా మందుల కంపెనీల్లో, క్లినికల్ పరీక్షల్లో ఉద్యోగానికి పనికొస్తుంది. వైద్యం ద్వారా నియోనాటాలజీకి (నవజాత శిశువుల వైద్యానికి) చేరడం ఇంకా సుదీర్ఘం. రోగి పక్కన ఉండాలన్న కోరిక ఆమెదైతేనే లాంగ్‌టర్మ్ ఆలోచించండి.

తమ్ముడికేం ఉపయోగమన్న మాట మాత్రం మీరు అనకూడనిది. జరిగిన నష్టాన్ని తిప్పికొట్టే మందు నేడు లేదన్నది నిజమే, అది ఆమెకు మీకన్నా బాగా తెలిసే ఉంటుంది. రేపు పుట్టబోయే పిల్లల కోసం చదువుతానంటున్న అమ్మాయికి ఇంట్లో వినబడాల్సింది అది కాదు. ఇవాళే ఆమె దగ్గర కూర్చుని ఆ మాట వెనక్కి తీసుకోండి. పరీక్షలయ్యే వరకు బాబు కాళ్ల వ్యాయామం మీరు చేయించండి.