దంతపు రేకు మీది ముఖం: పర్లాకిమిడి తండ్రికి జవాబు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్సు పూర్తిచేసింది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినప్పటి నుంచి, దంతపు రేకుల మీద వేసిన పాత ముఖచిత్రాల్లో అసలేదో నకలేదో తేల్చే పని నేర్చుకుంటానంటోంది. ఆన్‌లైన్‌లో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఫీజుకు అప్పు చేయడానికి సిద్ధం. అది మేలా, బి.ఎస్సీ. కెమిస్ట్రీ మేలా, బి.ఎ. చరిత్ర మేలా? ఇదేం చదువని బంధువులు నవ్వుతున్నారు.

జవాబు: మూడింటిలో ఏది మేలని అడిగారు గాని, మీ ఉత్తరం నిండా ఉన్నది ఈ చదువు పిల్లకు అన్నం పెడుతుందా అన్న భయం. బరంపురంలో ఇన్నేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. చదువు పేరు మారుతుంది గాని భయం మారదు. అసలు నకలు తేల్చేవారు కావాలని ఎవరూ ఉద్యోగ ప్రకటన ఇవ్వరు. మ్యూజియంలో వస్తు సేకరణను చూసుకునే క్యురేటరుగానో, చిత్రాలను సంరక్షించే కన్సర్వేటరుగానో చేరినవారు, వందల చిత్రాలు తమ చేతుల మీదుగా పోయిన తరువాత, ఆ మాట చెప్పగల స్థాయికి వస్తారు. అన్నం పెట్టే దారే, కాకపోతే కాస్త ఆలస్యంగా పెడుతుంది.

ఆన్‌లైన్ కోర్సు మీద మాత్రం నాకు గట్టి అనుమానం ఉంది. 1616లో ఇంగ్లండు రాయబారి థామస్ రో తన దగ్గరున్న సూక్ష్మచిత్రాన్ని, అంటే చాలా చిన్న ముఖచిత్రాన్ని, జహంగీరుకు చూపితే, ఆస్థాన చిత్రకారుడు దానికి ఐదు నకళ్లు వేశాడు. ఆరింటినీ ఒకచోట పెట్టినప్పుడు, కొవ్వొత్తి వెలుతురులో తనదేదో పోల్చుకోవడానికి రో తడబడ్డాడు. సొంత వస్తువు కళ్లెదుట ఉండగానే అంత కష్టమైన పని, ఫోన్‌లో ఫొటోలు చూస్తే ఎలా వస్తుంది? దంతపు రేకును ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తే సన్నని గీతలు ఒకదానికొకటి పొంతన లేకుండా అలలుగా సాగుతాయి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌తో చేసిన నకలులో అవి స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. భూతద్దం కింద బుగ్గ మీద కుంచె మచ్చలకు బదులు అచ్చు చుక్కలు వరుసగా కనిపిస్తే, అది ముద్రించిన బొమ్మకు రంగు పూసిన పని. టైటానియం తెలుపు 20వ శతాబ్దంలో వచ్చిన రంగు గనుక, 18వ శతాబ్దపు చిత్రంలో అది బయటపడితే చిత్రమైనా కొత్తదై ఉండాలి, లేదా తరువాత ఎవరైనా సరిదిద్ది ఉండాలి. దంతం మీద షాజహాన్ ముఖం ఉన్నంత మాత్రాన అది షాజహాన్ కాలానిది కాదు. 19వ శతాబ్దంలో ఢిల్లీ చిత్రకారులు యూరోపియన్ యాత్రికుల కోసం అలాంటివి ఎన్నో వేశారు. నేర్చుకోవడానికని ఒక ముక్క కొందామన్నా కుదరదు. దంతపు వ్యాపారాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అందుకే మ్యూజియంలో పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

ఒక మాట కటువుగా చెప్పక తప్పదు. ఫీజు లెక్కలూ బంధువుల నవ్వులూ పూర్తిగా రాశారు గాని, మీ అమ్మాయి ఆ చిత్రాల్లో ఏమి చూసిందో ఒక్క వాక్యమైనా రాయలేదు. అడిగారా? నవ్వే బంధువుల్లో ఎవరూ ఆమె ఫీజు కట్టరు. వాళ్ల మాట మీద పిల్ల చదువు నిర్ణయించడం తండ్రిగా మీకు తగదు.

మీరు అడిగిన పోలికకు నా జవాబు కెమిస్ట్రీయే. రంగుల రసాయనం తెలిసినవారు చరిత్రను తరువాత చదువుకోగలరు. చరిత్ర చదివినవారికి ప్రయోగశాల అంత తేలికగా దొరకదు. డిగ్రీ మీ దగ్గరలోనే చదివించి, ఆపైన ఒకప్పుడు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా ఉన్న నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్సర్వేషన్ ఎం.ఎ.కు పంపండి. ఒకవేళ ఆమె మనసు మారినా, కెమిస్ట్రీ డిగ్రీ వృథా పోదు. బడిలో పాఠం చెప్పుకోవచ్చు, ల్యాబులో చేరవచ్చు. కాబట్టి మీరు నిద్ర పాడుచేసుకోవలసినంత ప్రమాదం ఇందులో లేదు.

ఈలోగా, కొమ్ము దంతం కాకపోయినా కన్ను అలవాటు పడటానికి, ఆమెను మీ ఊరి కొమ్ము పనివారి దగ్గరికి తీసుకువెళ్లి, సానబట్టిన పలుచని రేకును వెలుతురుకు పట్టి చూడనివ్వండి. కొమ్ము ఎలా పొరలు విడుతుందో, అంచు ఎలా మెరుస్తుందో అక్కడ డబ్బు ఖర్చు లేకుండా తెలుస్తుంది. అప్పు పత్రం మీద మాత్రం సంతకం పెట్టకండి.