కొండ మీద సిలువ, దాని మొదట్లో నక్క తల

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉద్యోగం. మొన్న వేసవిలో వెళ్తే బక్‌డెన్ పైక్ అనే కొండెక్కించింది. నా మోకాళ్లతో ఎలా ఎక్కానో నాకే తెలీదు. పైన యుద్ధంలో కూలిన విమానం వాళ్ల జ్ఞాపకంగా రాతి సిలువ ఉంది, బాగుంది, కానీ దాని మొదట్లో కంచుతో చేసిన నక్క తల ఎందుకండీ? ఇంకో మాట. తర్వాతి వారం మాంచెస్టర్ వైపు ఇంకో కొండ మీద విమానం ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉంటే మా మనవడు అరచేతంత రేకు జేబులో వేసుకొచ్చాడు. ఇప్పుడది మా షోకేసులో ఉంది. ఫరవాలేదు కదా?
– ఒక అమ్మమ్మ, రాయగడ

జవాబు: ముందు నక్క సంగతి చెప్తాను, రేకు సంగతికి మీరు కాస్త గుండె దిటవు చేసుకోవాలి.

1942 జనవరి 31. హిట్లర్ తమ దేశాన్ని ఆక్రమించుకుంటే బ్రిటన్ వచ్చి అక్కడి వైమానిక దళంలో చేరిన పోలండ్ వాళ్లు ఆరుగురు వెల్లింగ్టన్ బాంబర్‌లో బయల్దేరారు. యుద్ధానికి కూడా కాదు, ట్రైనింగుకి. మంచు తుఫానులో దారి తప్పి ఆ కొండను గుద్దుకున్నారు. తోకలో కూర్చునే గన్నర్ జోసెఫ్ ఫుస్నియాక్, తోక విరిగి విడిగా పడటంతో బతికిపోయాడు. చీలమండ విరిగింది. ఇంకొకాయన కొన ఊపిరితో ఉంటే ఆయన మీద పారాచూట్ కప్పి, సాయం కోసం మంచులో దేక్కుంటూ బయల్దేరాడు. ఎటు పోవాలి? ఎటు చూసినా తెలుపే. అప్పుడు మంచులో నక్క అడుగులు కనిపించాయి. ఆకలేసిన నక్క మనుషులుండే చోటికే పోతుంది కదా అనుకుని ఆ అడుగుల వెంటే దిగితే, కింద క్రే అనే చిన్న ఊళ్లో ఒక సత్రం దగ్గర తేలాడు. అదృష్టం కలిసొస్తే మనం నక్క తోక తొక్కాడంటాం, ఈయన నిజంగానే నక్క అడుగుల్లో నడిచాడు.

మిగతా ఐదుగురూ పోయారు, ఇంగ్లండులోనే న్యూఆర్క్ అనే ఊళ్లో పోలండ్ వాళ్ల సమాధుల దగ్గర పాతిపెట్టారు. (పోలండ్ ప్రధాని సికోర్‌స్కీ 1943లో విమాన ప్రమాదంలోనే పోతే ఆయన్నీ అక్కడే పెట్టారు, 1993లో గానీ సొంత దేశం తీసుకెళ్లలేదు.) ప్రమాదం జరిగి ముప్ఫై ఏళ్లు దాటాక, 1973లో, ఫుస్నియాక్ ఆ సిలువ నిలబెట్టించాడు. దిమ్మెలో విమానం ముక్కలు కొన్ని పొదిగించాడు, నక్క తల పెట్టించాడు, దేవుడికీ తనను ఆదుకున్న కుటుంబానికీ ఊరివాళ్లకీ కృతజ్ఞతలు చెక్కించి, చివర తన పేరు వేసుకోకుండా ‘బతికినవాడు’ అని మాత్రం రాయించాడు. నాకు నక్క కన్నా ఆ ఒక్క మాటే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఇక రేకు. అది ‘బ్లీక్‌లో’ అనే కొండ అయి ఉండాలి. అక్కడ కూలింది అమెరికా వాళ్ల బీ-29 బాంబర్, 1948 నవంబర్ 3న, అంటే యుద్ధం అయిపోయాక. 13 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ముక్కలు ఇంకా అక్కడే ఎందుకున్నాయంటే, చెట్టన్నది లేని ఆ బోడికొండల మీద నేల నల్లగా, తడిగా, కాలు పెడితే స్పాంజిలా దిగిపోతుంది, లారీలు పోవు. అక్కరకొచ్చేవి తీసుకుని మిగిలింది వదిలేశారు. 1986లో చట్టం తెచ్చి, కూలిన సైనిక విమానం ఏ దేశానిదైనా లైసెన్సు లేకుండా దాన్ని కదపకూడదన్నారు. పిల్లాణ్ణి తిట్టకండి, తెలియక తెచ్చాడు. కానీ మన సుంకి ఘాట్ మలుపులో లారీ పడిన చోట పసుపు రాసిన రాయి కనిపిస్తే దాన్ని తీసి బ్యాగులో వేసుకుంటామా? అమ్మాయి సెలవులకొచ్చినప్పుడు ఆ రేకు ఇచ్చి పంపండి. షోకేసులో వేరేది పెట్టుకోవచ్చు.

ప్రశ్న: అంత పెద్ద బాంబర్లు ఊళ్లో గుట్టల్లాంటి కొండల్ని చూసుకోకుండా గుద్దడమేమిటి? పైలట్లకు ఆ మాత్రం ఎత్తు తెలీదా?
– ఒక టీచర్, జయపురం

జవాబు: బక్‌డెన్ పైక్ 702 మీటర్లే, మీ దేవమాలి కొండ 1672. అయినా పొగమంచులో రెండూ ఒకటేనండీ. డిసెంబర్ తెల్లవారుజామున సాలూరు నుంచి కొరాపుట్ బస్సెక్కినవాళ్లకు తెలుసు, డ్రైవరు తల కిటికీలోంచి బయట పెట్టి తెల్లగీత వెతుక్కుంటూ పోనిస్తాడు. ఆకాశంలో ఆ గీత కూడా ఉండదు. అప్పట్లో ఇంత వేగం, ఇటు దిక్కు, ఇన్ని నిమిషాలు అని లెక్కగట్టి ఇప్పుడు ఇక్కడున్నాం అనుకునేవాళ్లు. పక్కగాలి లెక్కకన్నా గట్టిగా తోస్తే మ్యాపు మీద ఒకచోట, నిజంగా ఇంకోచోట. ఎత్తు చూపే మీటరు కొలిచేది గాలి ఒత్తిడిని. బయల్దేరిన చోట ఒత్తిడికి సరిచేసిన మీటరు, దారిలో వాతావరణం చెడి ఒత్తిడి పడిపోతే ఉన్నదానికన్నా ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. మబ్బు కిందికి దిగి నేల చూసుకుందాం అని దిగేసరికి నేలే ఎదురొస్తుంది. పైగా నడిపేవాళ్లు చాలామంది ఇంకా నేర్చుకుంటున్నవాళ్లే. బ్రిటన్ బాంబర్ దళంలో ఆ యుద్ధంలో 55,573 మంది పోయారు, అందులో ఎనిమిది వేలకు పైగా ట్రైనింగులోనూ ప్రమాదాల్లోనూ పోయినవాళ్లే.

మనకు మరీ దూరం సంగతేమీ కాదిది. మన ఒడిశాలోనే, మయూర్‌భంజ్‌లో రాస్‌గోవింద్‌పూర్ దగ్గర అమర్దా రోడ్ అనే యుద్ధకాలపు విమానాశ్రయం ఉంది. అక్కణ్ణుంచి లేచిన లిబరేటర్ బాంబర్లు రెండు 1945 జులై 26న గాలిలో గుద్దుకుని 14 మంది పోయారు. కొండా లేదు, శత్రువూ లేడు.

ప్రశ్న: మా తాతమ్మకు తొంభై దాటాయి. చిన్నప్పుడు విశాఖ మీద బాంబులు పడ్డాయని, చుట్టాలు మూటలతో రైలెక్కి మా ఇంటికొచ్చి రెండు నెలలున్నారని చెప్తుంది. ఇంట్లో ఎవరూ నమ్మరు. నిజమేనా?
– ఒక ఇంటర్ విద్యార్థి, గుణుపురం

జవాబు: బాంబుల మాట ముమ్మాటికీ నిజం. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. భయంతో చాలామంది ఊరొదిలి లోపలి ఊళ్లకు పోయారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయ్‌పూర్ దాకా రైలు మార్గం 1931లోనే పూర్తయింది కాబట్టి మూటలతో రైలెక్కడమూ కుదిరే మాటే. అప్పుడు పడి పేలని బాంబొకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టారు. తాతమ్మను తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లండి, లేదంటే ఫోన్లో ఫోటో తీసుకొచ్చి ఆవిడకు చూపించండి. చూసి ఏమంటుందో మాత్రం నాకు రాయడం మర్చిపోకండి.