కాపరి కుక్కల్ని ఫోటో తీయబోయే ముందు

చి. శ్రావణికి,

పెద్దనాయన ఆశీస్సులు. కళ్యాణదుర్గం పక్క తీసిన ఫోటోలు చూశాను. కుక్కలు ముచ్చటగానే ఉన్నాయి గానీ, అన్నీ నీవైపే చూస్తున్నాయి. ఈల వేసి పిలిచుంటావు. దాంతో కాపరి ఒక మూల, కుక్క ఒక మూల అయిపోయారు. నీకు కావాల్సింది వాళ్ళిద్దరి పొత్తు కదా? అయితే కుక్క చూపు అతని మీదుండాలి.

ఆ చూపు పిలిస్తే రాదు. మధ్యాహ్నం వేపచెట్టు కింద కాపరి సద్ది విప్పేదాకా కూర్చో. సంగటి ముద్ద విరిచే చేతిని కుక్క ఎట్లా చూస్తుందో గమనించు, అప్పుడు దానికి నీ కెమెరా గొడవే పట్టదు. రాత్రి మంద పెట్టిన చేను ఇంకా మంచిది. ఎరువు కోసం రైతు పిలిపించుకున్న ఆ చేలో గొర్రెలు సర్దుకున్నాక కాపరి గొంగళి పరుస్తాడు, కుక్క వచ్చి దాని అంచున చేరుతుంది. తోడేళ్ళ భయం ఉన్న చోట దాని అసలు డ్యూటీ మొదలయ్యేది అప్పుడే. కుక్కా యజమానీ ఎక్కువసేపు కళ్ళలోకి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో రాశారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోనే అది.

మనిషి మొహం పడకపోయినా నష్టం లేదు. ఎలియట్ ఎర్విట్ అనే ఫోటోగ్రాఫర్ 1974లో న్యూయార్క్‌లో తీసిన ఒక ఫోటోలో మనిషివి బూట్లే, పెద్ద కుక్కవి కాళ్ళే కనిపిస్తాయి. టోపీ పెట్టుకున్న బుల్లి కుక్క ఒక్కటే పూర్తిగా ఉంటుంది. కెమెరా అంత కిందికి దించాడు మరి. నువ్వూ నేల మీద పడుకో, పల్లేరుకాయలు చూసుకుని.

కుక్క కుదురుగా ఉంటే షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు చాలు, పరుగెత్తితే 1/1000కి తగ్గకు. లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచే ఎఫ్ 1.8 మోజు మానుకో. దగ్గర్నుంచి తీస్తే ముక్కు షార్ప్‌గా వచ్చి కళ్ళు మసకబారతాయి, 5.6 పెట్టు. నల్లకుక్క ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించు, అంటే వెలుగు సగం చెయ్యి. చీకట్లో ఫ్లాష్ వద్దే వద్దు. కళ్ళు మెరుస్తాయి, మంద బెదురుతుంది, కాపరి తిడతాడు.

ముందు కాపరితో మాట్లాడు. “కరవదులేమ్మా” అంటాడు. అతన్ని కరవదు, నీ సంగతి వేరే. లెన్స్ తిన్నగా మొహానికి గురిపెడితే కుక్కకు గుడ్లురిమినట్టే ఉంటుంది, కాస్త పక్కకు తిరిగి కూర్చో. ఒళ్ళు బిగబట్టి కదలకుండా నిలబడిపోయిందంటే ఫోటో ఆపేయ్, మెల్లగా వెనక్కి జరుగు. పిల్లలున్న తల్లికుక్క జోలికి అసలు పోవద్దు.

కరిచినా, ఊరికే గీరుకున్నా, పావుగంట సేపు సబ్బు నీళ్ళతో కడిగి ఆరోజే ఆసుపత్రికి పోయి సూది వేయించుకో. ఎవరైనా కారమో సున్నమో పూస్తామంటే పూయనీయకు. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే.

ఇట్లు,
మీ పెద్దనాయన, అనంతపురం