ఫైళ్లు పోయిన పాత తెలుగు సైటు: ముందు బైట్లు కాపాడండి, అక్షరాలు తర్వాత

నాన్నగారు 2003లో తన కథలు పెట్టుకున్న సైటు. ఫైళ్లున్న కంప్యూటరు పాత సామాన్లోకి వెళ్లిపోయింది, డొమైను రెన్యూ చెయ్యలేదు. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తున్నాయి, కథలన్నీ మళ్లీ టైపు చెయ్యాల్సిందేనా అని మీ ప్రశ్న. అక్కర్లేదు. ఆ పిచ్చి గీతలే మీ నాన్నగారి తెలుగు. పోయింది ఫాంటు మాత్రమే. వాటిని చెడిపోయిన డేటా అనుకుని పారేసినవాళ్లు చాలామంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక తప్పు చెయ్యకండి. బ్రౌజర్లో పేజీ తెరిచి సేవ్ చేసుకోవద్దు. వేబ్యాక్ చూపించే పేజీలో దాని సొంత పట్టీ, స్క్రిప్టులు కలుస్తాయి, లింకులన్నీ ఆర్కైవ్ చిరునామాకు మారిపోతాయి. డబ్బు తీసుకుని సైటు తిరిగి తెచ్చిస్తామనేవాళ్లు కూడా ఈ కల్తీ పేజీలనే జిప్ చేసి ఇచ్చేస్తుంటారు, ఆ లింకులు తుడవడానికే వారం పడుతుంది. ఆర్కైవ్ చిరునామాలో 14 అంకెల తేదీ ఉంటుంది కదా, ఆ అంకెలకు అంటించి ఐ, డీ అనే చిన్నక్షరాలు, వెంటనే ఒక అండర్‌స్కోర్ పెట్టండి. అప్పుడు పట్టీ లేకుండా, అసలు సర్వరు ఆ రోజు పంపిన బైట్లు అలాగే వస్తాయి. బొమ్మలకూ ఇదే పద్ధతి.

ఏ పేజీలు దొరుకుతాయో తెలియాలంటే ఆర్కైవ్ వాళ్ల సీడీఎక్స్ జాబితా, అంటే దాచిన ఫైళ్ల సూచిక, అడగండి. డొమైను పేరు, స్లాష్, నక్షత్రం గుర్తు ఇస్తే తేదీ, చిరునామా, ఫైలు రకం, స్టేటస్ కోడ్, డైజెస్ట్ (ఫైల్లో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టిన గుర్తు) వరుసగా వస్తాయి. స్టేటస్ 200, అంటే పేజీ సరిగ్గా వచ్చింది అని ఉన్నవే ఉంచుకోండి. ఒకే పేజీకి రెండు తేదీల్లో డైజెస్ట్ ఒకటే అయితే పేజీ మారలేదని అర్థం, ఒకటి చాలు. అన్నిటికన్నా కొత్త తేదీ తీసుకుంటే మోసపోతారు. డొమైను వదిలేశాక ఇంకెవరో కొని ప్రకటనలు పెట్టి ఉంటారు, ఆ పేజీ కూడా 200 అనే చెబుతుంది. డొమైను గడువు తీరిన తేదీ కనుక్కుని, దానికి ముందున్నవే దించండి. కర్ల్ లాంటి, ఆదేశాలతో ఫైళ్లు దించే పరికరంతో దించేటప్పుడు పేజీకీ పేజీకీ మధ్య 5 సెకన్లు ఆగండి. తొందరపడితే ఆర్కైవ్ 429, అంటే మరీ ఎక్కువసార్లు అడిగారు అని తలుపు వేసేస్తుంది. మొదటి పేజీ అరకిలోబైటు కూడా లేకపోతే కంగారు పడకండి, అది వేరే ఫైళ్లను గళ్లుగా చూపించే ఫ్రేమ్‌సెట్ అయి ఉంటుంది, అసలు విషయం లోపలి ఫైళ్లలో ఉంటుంది. గూగుల్ క్యాషే మీద ఆశ పెట్టుకోవద్దు, 2024లో ఆ లింకులు తీసేశారు.

దించినదాన్ని ఒక ఫోల్డర్లో పెట్టి, మార్చకుండా తాళం వేసినట్టు ఉంచండి. పని అంతా నకలు మీదే.

ఇక తెలుగు సంగతి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినా, ఆ రోజుల్లో చాలా సైట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) జోలికి పోలేదు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లు వాడారు. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు, ఒకదాని రాత ఇంకొకదానిలో చదవలేం. పాఠకుడికి ఫాంటు అందడానికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఈఓటీ ఫైలు, నెట్‌స్కేప్ 4కు పీఎఫ్ఆర్ ఫైలు పెట్టేవారు. ఈఓటీని తయారుచేసేటప్పుడే ఫలానా డొమైనులోనే పనిచెయ్యాలని కట్టేసేవారు కాబట్టి, ఆర్కైవ్‌లో ఆ ఫైలు భద్రంగా ఉన్నా తెలుగు కనిపించదు. అయినా దాన్ని దించుకోండి. టీటీఎఫ్‌గా, అంటే మామూలు ఫాంటు ఫైలుగా మార్చి కంప్యూటర్లో వేసుకుంటే పాత పేజీ కళ్లముందు కనబడుతుంది, సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. ఫాంటు పేరు పేజీ సోర్సులో ఫాంట్ ట్యాగు పక్కనే ఉంటుంది.

యూనికోడ్‌లోకి మార్చడానికి ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు ఉండేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా పొడిగింపులన్నిటినీ ఆపేసింది. మీ ఫాంటులో ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక సిద్ధంగా దొరకకపోతే మీరే రాసుకోవాలి. 200 చిల్లర గుర్తులు, ఓపికుంటే రెండు సాయంత్రాల పని. అసలు కష్టం వరుసలో ఉంది. "అమ్మా" తీసుకోండి. ఫాంటు రాతలో కంటికి కనిపించే వరుస: అ, మా, కింద మ వత్తు. యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ, చివర దీర్ఘం. అంటే దీర్ఘం వత్తును దాటి వెనక్కి వెళ్లాలి. "స్త్రీ"లో గుడిదీర్ఘం రెండు వత్తులు దాటాలి, పైగా ర వత్తు కొన్ని ఫాంట్లలో హల్లుకు ముందే ఉంటుంది. వలపలగిలక (ర పొల్లుకు బదులు హల్లు తర్వాత రాసే పాత గుర్తు) వాడిన "ధర్మం"లో దీనికి తిరగబడిన లెక్క: కంటికి తర్వాత కనిపించే ర, యూనికోడ్‌లో ముందు రావాలి. మార్చిన తర్వాత, గుణింతపు గుర్తు వెంటనే పొల్లు వచ్చిన చోట్లన్నీ వెతకండి. సరైన తెలుగులో ఆ జత రాదు, కాబట్టి గుణింతం వత్తును దాటని మాటలు అక్కడ దొరికిపోతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలవాలంటే దాని తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, అక్షరాలను కలవనివ్వని కనిపించని గుర్తు చేర్చాలి, లేకపోతే వ, ట కిందికి దిగిపోతుంది.

పని మొత్తం పాడయ్యేది ఇంకో చోట. ఈ ఫాంట్లు 160, 173 స్థానాల్ని కూడా అక్షరాలకు వాడుకునేవి. మామూలు లెక్కలో 160 విడదీయరాని ఖాళీ, 173 కనిపించని హైఫను. కొత్త ఎడిటర్లు, హెచ్‌టీఎంఎల్ శుభ్రం చేసే పరికరాలు ఒకదాన్ని మామూలు ఖాళీగా మార్చి, ఇంకోదాన్ని తుడిచేస్తాయి. కథ పొడవునా ఒకే అక్షరం మాయమవుతుంది, ఎందుకో అంతుపట్టదు. కాబట్టి ఫైలు విండోస్ 1252 (విండోస్ పాత ఇంగ్లిషు ఎన్‌కోడింగు)గా చదివి, మార్పిడి పూర్తయ్యాకే యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైల్లో రాసే పద్ధతి)గా రాయండి. మధ్యలో కాపీ పేస్టు అసలు వద్దు. లెస్‌దాన్, యాంపర్‌సాండ్ గుర్తులు కూడా అక్షరాలై ఉండొచ్చు, వాటి ఎంటిటీలను (సోర్సులో ఆ గుర్తుల బదులు రాసే కోడ్‌లను) ముందే విప్పండి. కథ మధ్యలో నిజంగా ఇంగ్లిషులో ఉన్న మాటల్ని ఫాంట్ ట్యాగు చూసి వదిలెయ్యాలి, లేకపోతే అవీ పిచ్చి తెలుగు అయి కూర్చుంటాయి.

సైటును మళ్లీ నిలబెట్టేటప్పుడు కొత్త డిజైను అంటూ మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను. దొరికిన పేజీలు, పాత ఫైలు పేర్లు, పాత చిరునామాలు అలాగే ఉంచండి. పాత డొమైను మళ్లీ మీ చేతికొస్తే, ఎక్కడెక్కడో ఉన్న పాత లింకులు బతుకుతాయి. విండోస్‌లో తయారైన ఫైళ్లలో ఒకచోట పెద్దక్షరం, ఇంకోచోట చిన్నక్షరం ఉంటుంది, లైనక్సు సర్వరు మీద ఆ లింకులు తెగుతాయి. ఫైలు పేర్లు మార్చకుండా, లింకుల్లోని అక్షరాలను వాటికి తగ్గట్టు సరిచెయ్యండి. ఫాంట్ ట్యాగులు తీసేసి, పేజీ భాష తెలుగు అని, ఎన్‌కోడింగు యూటీఎఫ్-8 అని పైన రాస్తే చాలు. వెతుకుడు యంత్రాలు మీ నాన్నగారి కథల్ని మొదటిసారి తెలుగుగా చదువుతాయి. మొత్తం గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే పరికరం) పెట్టుకుంటే ఏ మార్పు ఎక్కడ చెడిందో తెలుస్తుంది.

వచ్చినవాళ్లను లెక్కపెట్టే కౌంటరు సర్వరు మీద నడిచేది, అది తిరిగి రాదు. గెస్ట్‌బుక్ కూడా అక్కడే నడిచినా, ఆర్కైవ్ తీసిన ప్రతి నకల్లోనూ ఆనాటి సంతకాలు మామూలు రాతగా ఉంటాయి. కొత్తవి చేరినప్పుడు పాతవి కిందికి జారి పేజీలోంచి తప్పుకుని ఉండొచ్చు, అందువల్ల ఈ ఒక్క పేజీకి మాత్రం డైజెస్ట్ మారిన ప్రతి తేదీ దించి, తేదీల వారీగా కలపండి. సంతకాల్లో జనం తమ ఈమెయిళ్లు రాసి ఉంటారు, బయట పెట్టేముందు అవి తీసెయ్యండి.