ఆ బరువు ఎవరి చేతికి తెలుస్తుంది?

అమ్మా,

కొత్త మోడళ్ల మీద అభిమానుల ఆశలు, భయాల గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి పేజీలోనే "స్టీరింగ్ చేతిలో వెన్నలా తిరుగుతుంది" అని రాశావు. ఎవరి చేతిలో? మాజ్దా కంపెనీ మన దేశంలో కార్లు అమ్మదు. వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు మియాటాని నువ్వు నడపలేదు, నేనూ నడపలేదు. ఎవరో వీడియోలో చెప్పిన మాట తీసుకుని నీ చేతికి తగిలించుకున్నావు. అక్కడే కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను, కోపం వచ్చింది. రాత్రి భోజనం అయ్యాక మళ్లీ తీశాను కాబట్టి నాలుగో పేజీ చదివాను. లేకపోతే నీకు ఈ ఉత్తరం వచ్చేది కాదు.

నాలుగో పేజీలో మీ మావయ్య ఉన్నాడు. ఇచ్ఛాపురం దగ్గర హైవే పక్కన ఆయన షెడ్డు, ఎవరో కొత్త స్విఫ్ట్ తెచ్చి చూపించడం, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయన గేర్ రాడ్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకోవడం, ఏసీ ఆపమనడం, మళ్లీ వెయ్యమనడం, చివరికి "పాతదాన్లో ఇది లేదు" అని చేతులు తుడుచుకోవడం. ఐదు లైన్లు. బాగుంది, చాలా బాగుంది. తర్వాతి లైన్ నుంచే మళ్లీ టేబుల్ మొదలుపెట్టావు, హార్స్‌పవర్ ఎంత, టార్క్ ఎంత, పొడవెంత. మావయ్యని అక్కడే వదిలేసి ఎందుకు వెళ్లిపోయావు?

ఆయన అరచేతికి తగిలింది ఏమిటో నువ్వు చెప్పి ఉండాల్సింది, ఎందుకంటే అది నీకు తెలుసు, టేబుల్లో పెట్టావు కూడా. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో నాలుగు సిలిండర్ల ఇంజిన్ తీసేసి మూడు సిలిండర్లది పెట్టారు. పవర్ 90 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే) నుంచి 82కి తగ్గింది, మైలేజీ పెరిగింది. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఈ చివర పిస్టన్, ఆ చివర పిస్టన్ ఒకదానికొకటి సరిపడా కదలవు, అందుకని ఇంజిన్ ముందు చివరా వెనక చివరా ఊగుతాయి, ఆ ఊపులో రబ్బరు మౌంటింగులు ఆపగలిగినంత ఆపితే మిగిలింది బండిలోకి వస్తుంది. ఏసీ వేస్తే ఐడ్లింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, దాని మీద లోడు పడి ఇంకాస్త తెలుస్తుంది. మీ మావయ్య ఏసీ ఆపించి, వేయించి చూసింది అదే. కొత్త మోడల్ వస్తే జనం ఎందుకు భయపడతారో ఆ అరచెయ్యి చెప్పింది. నీ మిగతా తొమ్మిది పేజీలూ చెప్పలేదు.

నేను పట్టుకుని వేలాడే మాట ఒక్కటే, నా దగ్గరకి రాతలు పంపిన వాళ్లందరికీ చెబుతాను. ఆశైనా భయమైనా ఒక మనిషిదై ఉండాలి. నువ్వు "ఔత్సాహికులు ఆశిస్తున్నారు", "అభిమానుల్లో ఆందోళన నెలకొంది" అని పేజీకి రెండుసార్లు రాశావు. ఎవరమ్మా ఆ ఔత్సాహికులు? ఏ వయసు వాళ్లు, ఏ బండి నుంచి దిగి ఈ బండి వైపు చూస్తున్నారు, వాళ్ల నడుం ఎలా ఉంది, నెలాఖరుకి చేతిలో ఎంత మిగులుతుంది? ఆందోళన దానంతటది ఎక్కడా నెలకొనదు, ఒకడికి నిద్ర పట్టకపోతే అది ఆందోళన.

మియాటా సంగతే తీసుకో, ఆ కారు చరిత్ర మొత్తం ఇలాంటి భయాలే. 1989 ఫిబ్రవరిలో షికాగో షోలో చూపించారు. 1.6 లీటర్ల ఇంజిన్ ముందు, తోసేది వెనక చక్రాలు, రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. గేర్‌బాక్సునీ, వెనక చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఒక అల్యూమినియం ఫ్రేము పెట్టారు, యాక్సిలరేటర్ నొక్కితే మధ్యలో సాగుడు లేకుండా వెనక చక్రాలకి అందడానికి. గుర్రమూ రౌతూ ఒకటైపోవడం అని జపాన్ వాళ్లకి ఒక మాట ఉంది, ఆ కంపెనీ దాన్నే లక్ష్యంగా పెట్టుకుంది. 1998లో రెండో తరం వస్తే, పైకి లేచే హెడ్‌లైట్లు తీసేశారని గోల. 2005లో మూడోది వస్తే ఒళ్లు చేసిందని గోల. 2015లో నాలుగోది వచ్చింది, దాదాపు వంద కిలోలు తగ్గి, పొడవులో మొట్టమొదటి దానికంటే కూడా కాస్త పొట్టిగా. అప్పుడు స్టీరింగ్‌కి ఎలక్ట్రిక్ మోటారు పెట్టారని గోల, రోడ్డు ఇక చేతికి తెలియదని. ఆ తరంలో అమెరికాలో అమ్మిన రెండు లీటర్ల ఇంజిన్ 6,800 ఆర్పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, దాటనివ్వట్లేదని, పొడుగు మనుషులకి స్టీరింగ్ ముందుకు లాక్కునే వీల్లేదని విసుక్కున్నారు. 2018లో ఆ ఇంజిన్‌ని 7,500 దాకా తిరిగేలా చేశారు, 155 హార్స్‌పవర్ 181 అయింది, స్టీరింగ్ కూడా ముందుకీ వెనక్కీ జరిగేలా ఇచ్చారు. ఇవన్నీ నీ వ్యాసంలో ఉన్నాయి, ఒక్క తేదీ కూడా తప్పు లేదు, సంతోషం. కానీ ఆ పొడుగు మనిషిని ఎక్కడా చూపించలేదు, మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతుంటే కూడా బండి అమ్మకుండా మూడేళ్లు ఎదురుచూసినవాడు ఒకడు ఉండే ఉంటాడు కదా. వాడిని వెతికి పట్టుకో, ఉత్తరం రాయి, వాడి దగ్గర నీకు కావలసింది ఉంటుంది.

ఇక బరువు. 2023 అక్టోబరులో టోక్యోలో మాజ్దా చూపించిన ఐకానిక్ ఎస్పీ 1,450 కిలోలని, నాలుగో తరం మియాటాలో అన్నిటికంటే తేలికగా వచ్చిన జపాన్ రకం 990 కిలోలని పక్కపక్కన రాసి "ఇది కలవరపరిచే అంశం" అని ఊరుకున్నావు. ముందు ఒకటి, అది చూపించడానికి చేసిన కాన్సెప్ట్ కారు, దాని పేరు మియాటా కాదు. నువ్వు రెండూ ఒకటే అన్నట్టు రాశావు, అది మార్చు. రెండోది, 460 కిలోలు అంటే ఎంత? మీ పలాస వైపు జీడిపిక్కల బస్తా 80 కిలోలు. ఆరు బస్తాలకి కాస్త తక్కువ. ఆ బస్తాలు ఎక్కించుకుని మలుపు తిరగమంటే ఏమవుతుందో మీ ఊళ్లో ఆటో నడిపే ప్రతివాడికీ తెలుసు. బరువు పెరిగితే బ్రేకులు పెద్దవి కావాలి, టైర్లు వెడల్పువి కావాలి, స్ప్రింగులు గట్టివి కావాలి, వాటన్నిటికీ మళ్లీ బరువు, ఆ బరువుని లాగడానికి ఇంకాస్త ఇంజిన్. బ్యాటరీలు, కాలుష్యం రూల్సు, యాక్సిడెంట్ టెస్టులు అన్నీ ఆ వైపే నెడుతున్నాయి. చిన్న స్పోర్ట్స్ కారు అభిమానికి ఉన్న అసలు భయం ఇది, నా లెక్కలో ఇదొక్కటే పెద్ద భయం. లైట్లు ఎలా ఉంటాయి, స్క్రీన్ ఎన్ని అంగుళాలు అన్న వాటికి నువ్వు రెండు పేజీలు పెట్టావు. అర పేజీ చాలు.

చేతికి రోడ్డు తెలియడం అని ఇంత గట్టిగా అంటున్నానంటే కారణం ఉంది. బరంపురంలో స్పేర్ పార్టుల కొట్లో పనిచేసే రోజుల్లో పర్లాకిమిడి డాక్టరుగారి ప్రీమియర్ పద్మిని తప్తపాణి ఘాట్ మీదుగా తెచ్చే అవకాశం వచ్చింది. పవర్ స్టీరింగ్ లేదు, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఘాట్ దిగుతుంటే సెకండ్ గేర్‌లో ఇంజిన్ పట్టుకుని ఉంది, అయినా మలుపు మలుపుకీ బ్రేకు డ్రమ్ముల మాడు వాసన లోపలికొస్తోంది, గుంటలో ఎడమ చక్రం పడ్డప్పుడల్లా స్టీరింగ్ ఎడమ మణికట్టుని తన్నుతోంది. కిందికి దిగేసరికి ఏ చక్రం ఎక్కడుందో చూడకుండా చెప్పగలిగేవాణ్ని. అది రాసి ఒక వారపత్రికకి పంపాను. ఎడిటరుగారు ఘాట్ మొత్తం కోసేసి, ధర, మైలేజీ, డిక్కీ సైజు ఒక డబ్బాలో వేశారు. అడిగితే "మన పాఠకుడికి లీటరుకి ఎంతిస్తుందో చాలండీ" అన్నారు. పారితోషికం కూడా పంపలేదు, దాన్ని ఎప్పుడో వదిలేశాను, ఆ ఘాట్‌ని మాత్రం వదల్లేదు. ఆ కోత కోసిన చెయ్యి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఇప్పుడు డబ్బా పోయి స్టార్లు వచ్చాయి, అయిదుకి మూడున్నర అంటారు, కొనడానికి పది కారణాలు అంటారు. నీ టేబుల్ చూడగానే నాకు ఆ డబ్బా గుర్తొచ్చింది.

ఎక్కని కారు గురించి రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు. ఎక్కలేదని మొదటి పేరాలోనే చెప్పి రాయి. ఇక్కడ కూర్చుని, మన ఊరికి ఎప్పటికీ రాని కారు ఇంకా తేలిగ్గా ఉండాలని కోరుకునే ఆడపిల్ల ఒకతె ఉందంటే చదివేవాడు ఆగి చదువుతాడు, నేనైతే ఆగుతాను. నువ్వెందుకు కోరుకుంటున్నావో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. షెడ్డులో పెరిగిన పిల్లవి, ఏ బండిలో నీకు మొదటిసారి ఒళ్లు ఝల్లుమంది? అది రాయడానికి మొహమాటం దేనికి?

గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే పనిచేశారు. సవర భాష నేర్చుకోవాలనుకుని సవరల దగ్గరికే వెళ్లారు, వాళ్ల నోటి నుంచి విన్నారు. మీ ఇంటి వెనకే షెడ్డు ఉంది నీకు. సాయంత్రాలు ఫోన్ లోపల పెట్టి అక్కడ కూర్చో. మెకానిక్కులు బండి గురించి మాట్లాడేటప్పుడు చేతులతో మాట్లాడతారు, ఆ చేతులు చూడు. క్లచ్చి ఎక్కడ పట్టుకుంటుందో చూపించడానికి మీ మావయ్య కాలు గాల్లో ఎలా కదుపుతాడో నీకు తెలిసే ఉంటుంది.

మళ్లీ రాసేటప్పుడు నాలుగో పేజీతో మొదలుపెట్టు. వెన్న తీసెయ్యి. టేబుల్ ఉంచు, చివరికి జరుపు. ఐకానిక్ ఎస్పీ ఒక్క పేరా. ఎలక్ట్రిక్ స్టీరింగ్ గురించి రాసే ముందు మీ మావయ్యని ఒకటి అడుగు: పవర్ స్టీరింగ్ లేని బండి నుంచి ఉన్న బండికి మారిన కస్టమర్లు మొదట్లో షెడ్డుకి వచ్చి ఏమని కంప్లయింట్ చేసేవారో. ఆయన ఏం చెబితే అది, ఆయన అన్నట్టే రాసి పంపు. దసరా లోపు పంపగలిగితే మంచిది, ఆ తర్వాత నేను కొన్నాళ్లు గుణుపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటాను, ఉత్తరాలు ఆలస్యంగా చేరతాయి.

ఆశీస్సులతో,
పర్లాకిమిడి నుంచి