రోజుకో కచేరీ వింటానన్న మేనల్లుడికి

చి. చిన్నాకి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వూ నీ ఆఫీసు స్నేహితులూ కలిసి దసరా నుంచి రోజుకో కర్ణాటక సంగీతం రికార్డు విని, విన్నదాని గురించి ఒకరికొకరు రాసుకుంటారట. మా బీరువా మీదున్న క్యాసెట్లు కూడా కావాలన్నావట. మీ నాన్న ఆదివారం ఫోన్‌లో చెప్పాడు. వేసవి సెలవులకు మా ఇంటికొచ్చి, రేడియోలో కచేరీ మొదలుకాగానే క్రికెట్ పెట్టమని గొడవ చేసినవాడివి నువ్వేనా అనిపించింది. చాలా గర్వంగా ఉంది నాన్నా. కానీ ఆ వెంటనే మీ నాన్న ఇంకో మాట అన్నాడు, రోజూ బండి మీద ఆఫీసుకెళ్తూ వింటావని. అప్పట్నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

బండి మీద వద్దు. బెంగళూరు ట్రాఫిక్‌లో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆలాపన వింటూ పోతే వెనక లారీ హారన్ నీకెలా వినిపిస్తుంది? పొద్దున్నే అరగంట ముందు లేచి ఇంట్లో కూర్చుని విను. అదీ సౌండు బాగా తగ్గించి. మీ మామయ్య ఏళ్ళ తరబడి జిన్నింగ్ మిల్లు మోతలో పనిచేశారు కదా. ఇప్పుడు ఇద్దరం కచేరీ వింటుంటే మృదంగం ఆయనకు బాగానే వినిపిస్తుంది, వయొలిన్ పై స్థాయిలో సన్నగా వెళ్ళినప్పుడు మాత్రం నా వైపు తిరిగి "ఆగిపోయిందా?" అని అడుగుతారు. లేదు, వాయిస్తున్నారు అని చెప్తాను. చెవి ఒకసారి పోతే తిరిగి రాదురా. నీకు ముప్పై కూడా లేవు, ఇంకా ఎంత సంగీతం వినాలి నువ్వు!

ఇక ఏం వినాలన్నది. రోజుకో కొత్త రాగం, కొత్త విద్వాంసుడు అని పరుగులు పెట్టొద్దు. వారమంతా ఒకే రాగం పెట్టుకోండి. కాంభోజి అనుకో. ఒకరోజు నేదునూరి కృష్ణమూర్తి గారి పాట, మర్నాడు వోలేటి వెంకటేశ్వర్లు గారి పాట వినండి. ఇద్దరూ డాక్టరు శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నవాళ్ళే, అయినా ఎవరి దారి వారిది. ఆ తర్వాత వీణ మీద ఈమని శంకరశాస్త్రి గారిని, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిని పక్కపక్కన పెట్టుకుని వినండి. వారం చివర నాదస్వరం. షేక్ చినమౌలానా గారు మన ఒంగోలు పక్క కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన రాగం వాయిస్తుంటే ఇంక ఎవరూ మాట్లాడరు. ఇలా వారం గడిస్తే, ఆ రాగం ఎక్కడ వినిపించినా నువ్వే గుర్తుపడతావు, పుస్తకంలో చూడక్కర్లేదు.

పాత గ్రామఫోను ప్లేట్లు కూడా వింటారు కదా. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. వయొలిన్‌లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారంతటి మహానుభావుడు కూడా ఆ కాస్త చోటులోనే సర్దుకోవాల్సి వచ్చింది. కాబట్టి ప్లేటు విని, ఇంతేనా అని రాయకండి. ఆ మూడు నిమిషాల్లో ఆయన ఏది ఉంచారో, ఏది వదిలేశారో చూడండి.

తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం వాళ్ళు ఒక్కళ్ళే వాయించే భాగం, రాగానే ముందుకు జరపొద్దు. కచేరీల్లో తని మొదలవగానే కాఫీకి లేచిపోయేవాళ్ళను చూస్తే నాకు చిన్నప్పట్నుంచీ కోపమే. అంతసేపూ పాటను మోసినవాడికి తన వంతు వచ్చేసరికి మనం లేచిపోతామా?

మీలో ఇద్దరు తమిళులు, ఒక కన్నడ అబ్బాయి అని విన్నాను. త్యాగరాజస్వామి కృతి వచ్చినప్పుడు అర్థం నిన్నే అడుగుతారు. ముందురోజే సాహిత్యం చదివి పెట్టుకో. గాయకులు పదాన్ని తప్పు చోట విరిస్తే చెప్పు, నవ్వడం మాత్రం వద్దు. వాలాజపేట, ఉమయాల్పురం, తిల్లస్థానం ఊళ్ళలో ఆయన శిష్యులు, వాళ్ళ శిష్యులు తరతరాలుగా కాపాడబట్టే ఆ తెలుగు పాటలు ఇవాళ మన దాకా వచ్చాయి. ఆ ఊళ్ళన్నీ తమిళనాడులోవే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రోజూ రాసే నాలుగు ముక్కల్లో ఇది తప్పకుండా ఉండాలి.

మీ మామయ్య స్నేహితుడొకాయన రైల్వేలో గార్డుగా చేసేవారు. పేరెందుకులే. సంగీతమంటే ప్రాణం. శనివారం రాత్రి రేడియోలో వచ్చే నేషనల్ ప్రోగ్రామ్, విజయవాడ కేంద్రం కచేరీలు, అన్నీ క్యాసెట్లలోకి ఎక్కించేవారు. డ్యూటీ పడిన రాత్రి భార్యను రేడియో ముందు కూర్చోబెట్టి వెళ్ళేవారు. ఆ రోజుల్లో మంచి క్యాసెట్ కొనాలంటే ఆలోచించాలి, అరవై నిమిషాల దాంట్లో ఒక్కో వైపు అరగంటే పడుతుంది. అందుకని ఆయనొక నియమం పెట్టుకున్నారు. అనౌన్సరు మాట్లాడగానే పాజ్ నొక్కాలి, పాట మొదలవగానే వదలాలి. మాటలతో టేపు వృథా కాకూడదని. ఆవిడకూ అదే నేర్పారు. అట్ట మీద రాగం పేరొక్కటే రాసేవారు. పాడిందెవరో ఆయనకు కంఠస్థం మరి, రాసుకోవాల్సిన అవసరం ఏముంది?

ఆయన పోయాక ఆవిడ ఆ క్యాసెట్లన్నీ రెండు సంచుల్లో తెచ్చి మా ఇంట్లో పెట్టింది. "మీరైతే వింటారు" అంది. మామయ్యా, నేనూ, ఇంకో ఇద్దరు పెద్దలూ వరసగా సాయంత్రాలు కూర్చుని విన్నాం. పెద్దవాళ్ళ గొంతులు తెలిసిపోయాయి. బాలమురళి గారిని పోల్చుకోవడం ఎంతసేపు? చిక్కంతా పక్కవాద్యాల దగ్గర వచ్చింది. వయొలిన్ ఎవరిదని ఒకాయన ఒక పేరు చెప్తే ఇంకొకాయన ఒప్పుకోలేదు. మృదంగం దగ్గర మాటా మాటా పెరిగి ఒకాయన కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. కేదారగౌళ రాగం పాడిన ఒక ఆవిడ ఉంది. చిన్నా, అలాంటి కేదారగౌళ నేను మళ్ళీ వినలేదు. ఎవరో ఈ రోజుకీ తెలీదు. ఆ పేరు ఆ రాత్రి రేడియోలో స్పష్టంగా చెప్పే ఉంటారు. సరిగ్గా అప్పుడే పాజ్ నొక్కారు.

రెండు సంచుల్లోనూ కలిపి అన్ని పేర్లూ ఉన్న క్యాసెట్ ఒక్కటే. ఆ రాత్రి పసివాడు ఏడిస్తే ఆవిడ లేచి వెళ్ళిందట, పాజ్ నొక్కేవాళ్ళు లేక అనౌన్స్‌మెంట్ పూర్తిగా పడింది. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, ఒక్కొక్క పేరూ. వెనక సన్నగా పిల్లాడి ఏడుపు కూడా. మిగతా పాటల ముందు తను నొక్కిన పాజ్‌లు తలుచుకుని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నీ తప్పేముందమ్మా, ఆయన చెప్పినట్టే చేశావు అని నేనే సముదాయించాను.

అందుకే నీకు ఇంతగా చెప్తున్నాను. పాట గురించి "సూపర్" అని రాసినా రాయకపోయినా, ఎవరు పాడారు, పక్కన ఎవరెవరు వాయించారు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఇవి రాయి. తెలియకపోతే తెలియదనే రాయి. ఊహించి రాసిన పేరును ఇంకొకడు నమ్మి రాస్తాడు, దాన్ని చూసి మరొకడు. ఆ తర్వాత వాయించినాయన మనవడు వచ్చి కాదన్నా ఎవరూ వినరు.

క్యాసెట్లు వచ్చాక ముందు పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలకలు విరిచెయ్యి, పొరపాటున కూడా మళ్ళీ రికార్డు కాదు. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మొదటి కాపీ ఏమీ కుదించని వావ్ (WAV) ఫైలుగా దాచు, చిన్న సైజు ఎంపీత్రీ తర్వాత చేసుకోవచ్చు. టేపు హోరు పోవాలని మరీ శుభ్రం చెయ్యకు, దాంతోపాటు వెనక సన్నగా మోగే తంబుర కూడా పోతుంది. ప్లేయర్ వేగం చూసుకో. నూటికి ఆరు వంతులు వేగంగా తిరిగితే చాలు, ఒకటి శ్రుతిలో పాడినాయన ఒకటిన్నరలో, అంటే ఒక మెట్టు పైన, పాడినట్టు వినిపిస్తాడు. ఎవరింట్లోనో పాడిన కచేరీ అయితే, ఆ ఇంటివాళ్ళను అడగకుండా బయట పెట్టకు.

వచ్చే నెల మీ నాన్న బెంగళూరు వస్తున్నాడుగా, వాడితో పంపిస్తాను. బస్సు డిక్కీలో పెట్టొద్దని, ఒళ్ళో పెట్టుకోమని చెప్పాను. మామయ్య ఒక్కో క్యాసెట్‌కూ తనకు గుర్తున్న పేర్లు చీటీ మీద రాసి పెడుతున్నారు, అనుమానం ఉన్నచోట ప్రశ్న గుర్తు పెట్టి. కేదారగౌళ క్యాసెట్‌కు ఎర్ర దారం కట్టాను. దాన్ని మీ తమిళ స్నేహితుల ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు వినిపించు. ఆ గొంతు ఎవరిదో ఒక్కరు పోల్చినా వెంటనే నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

ఇట్లు,
అత్తయ్య