షెల్టర్‌లో చేరిన అమ్మాయి మీద నవలా? లోపల ఉండి చూసినదాన్ని, నాకు తోచింది చెప్తాను

"జంతువుల కోసం ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన ఇరవై ఏళ్ళ అమ్మాయి ఊరి బయట ఒక జంతువుల షెల్టర్‌లో చేరి, అక్కడే తన మనుషుల్ని వెతుక్కుంటుంది. ఈ నవల నమ్మేలా ఉండాలంటే నేనేం తెలుసుకోవాలి?" అని అడిగారు. డిగ్రీ చదివే రోజుల్లో హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న షెల్టర్‌కి సెలవుల్లో వెళ్ళేదాన్ని. తర్వాత కొంతకాలం అక్కడే ఉండి పనిచేశాను. ఇంట్లో జరిగింది కూడా ఇంచుమించు మీ కథలోలాగే.

ఆమె గేటు దాటగానే ఎవరో దగ్గరికి తీసుకుని ఓదార్చే సీను రాసి ఉంటే ముందు అది తీసెయ్యండి. ఓదార్చేంత తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. నేను బ్యాగు సర్దుకుని వెళ్ళిన రోజు నన్ను అడిగింది ఒక్కటే: "రేబిస్ ఇంజెక్షన్లు వేయించుకున్నావా?" కుక్క కరిచాక వేసేవి కాదు, ఈ పనిలోకి దిగేవాళ్ళు ముందే వేయించుకునేవి. ఎందుకొచ్చావు, ఇంట్లో ఏమైంది అని చాలా రోజుల దాకా ఎవరూ ఎత్తలేదు. అలా ఎవరూ అడగకపోవడమే నాకు పెద్ద ఊరట. మా బంధువుల్లో అడగనివాళ్ళు లేరు మరి.

పొద్దున్నే కెన్నెళ్ళు, అంటే కుక్కలుండే గదులు కడగడంతో పని మొదలు. పిల్లులున్న గదిలో ఫినాయిల్ పొయ్యకూడదు, వాటికి అది విషం. డిస్టెంపర్ అనే అంటురోగం వచ్చిన కుక్కల దగ్గర వేసుకున్న చెప్పులతో కూనల వైపు రాకూడదు. వానాకాలంలో పుండ్లకి పురుగులు పడతాయి, ఒక్కొక్కటే పట్టుకారుతో తియ్యాలి. ఆ వాసన తలస్నానం చేసినా జుట్టుని వదలదు. బస్సులో మన పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

కానీ అసలు కథంతా వంటింట్లో ఉంది. పెద్ద డేగిశాలో నూకలు, పసుపు, చికెన్ షాపు నుంచి వచ్చిన కాళ్ళూ తలకాయలూ ఉడుకుతుంటాయి. గరిటె పట్టుకుని కలిపే అమ్మాయి పాలు కూడా ముట్టని వీగన్ అయివుండొచ్చు. మా దగ్గర అలాంటి అమ్మాయే ఉండేది. కుక్క బతకాలంటే కోడి కావాలి, ఆ లెక్క ఆమెకి ఎప్పుడూ కుదరలేదు. మీ కథానాయిక జంతు హక్కుల మనిషి అయితే ఈ తేడా పట్టుకోండి. జంతువుని మనిషి అవసరానికి వాడుకోవడమే తప్పంటారు హక్కులవాళ్ళు. వాడుకున్నా బాధపెట్టకుండా చూడండి అంటారు సంక్షేమంవాళ్ళు. మాకు ఈ చర్చ సాయంత్రం టీ దగ్గర వచ్చేది. గేదె పాలు పొయ్యి మీద పెట్టగానే ఆ అమ్మాయి దూడ సంగతి ఎత్తేది. ఇంకొకరు "అయితే నల్ల టీ తాగు తల్లీ" అనేవారు. అక్కడ మాట్లాడకుండా వింటూ కూర్చునేది వర్కర్లు.

వాళ్ళని నవల్లో వదిలెయ్యకండి. ఆదివారం కారులో వచ్చి కుక్కపిల్లతో సెల్ఫీ దిగి వెళ్ళేవాళ్ళు వేరు, అక్కడే నిద్రపోయేవాళ్ళు వేరు. మా దగ్గర రాత్రి కాపలా ఉండే తాత ఆదివారం మటన్ లేనిదే ముద్ద ముట్టడు. కానీ మేమెవ్వరం చెయ్యి పెట్టలేని కుక్క బోనులోకి ఆయనే వెళ్ళేవాడు. వంటచేసే ఆయమ్మ ఒకసారి నవ్వుతూనే అంది: "మీకు పుణ్యం, మాకు జీతం. అది కూడా నెలనెలా వస్తే బాగుండు." నేను ఆలస్యంగా వచ్చిన ఒకరోజు ఆమే ఫోన్ చేసి "ఎక్కడ చచ్చావే, వ్యాన్ వచ్చేసింది" అని తిట్టింది. ఆ తిట్టుతోనే నేను అక్కడి మనిషినయ్యాను అనుకుంటాను. మీ అమ్మాయికీ అలాంటి తిట్టు ఒకటి పడాలి.

ఇంట్లో గొడవకి వీధికుక్కలు చాలవేమో. ఆమెది భీమవరం వైపు అనుకోండి. తండ్రి పందెం కోడిని ఏడాదంతా బాదంపప్పు పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచుతాడు. సంక్రాంతికి తనే దాని కాలికి కత్తి కట్టి బరిలోకి దించుతాడు. 2016లో హైకోర్టు వద్దని చెప్పినా బరులు ఆగలేదు. ఆ తండ్రికి కోడి మీద ప్రేమ లేదనడానికి కూతురికి నోరు రాదు. ఆ ఇల్లు వదలడం కష్టం, కాబట్టే కథ నిలబడుతుంది. ఆవుల వైపు వెళ్ళాలనుకుంటే పుట్టపర్తిలో జంతువుల్ని చూసుకునే కరుణ సొసైటీ ఉంది. ఆవుల పొట్ట కోసి అవి తిన్న ప్లాస్టిక్ బయటికి తీసి, ఆ విషయం మీద 2012లో సుప్రీంకోర్టుకి కూడా వెళ్ళారు.

పోలీస్ స్టేషన్ సీను ఎలాగూ ఉంటుంది. జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది. మొదటిసారి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. కానిస్టేబుల్ నవ్వితే ఆశ్చర్యం లేదు. చంపినా, అవిటిదాన్ని చేసినా మాత్రం భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ళ దాకా జైలు ఉంది. కథ 2024 జులైకి ముందుదైతే పాత ఐపీసీ 428, 429 సెక్షన్లు రాయాలి.

అవతలివాళ్ళని విలన్లని చెయ్యకండి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి కుక్కలు చంపేశాయి. ఆ తర్వాత మా కుక్కల వ్యాన్ ఏ బస్తీకి వెళ్ళినా తల్లులు చుట్టూ చేరి "వీటిని తీసుకెళ్ళి మళ్ళీ ఇక్కడే ఎందుకు వదుల్తారు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి మీ అమ్మాయి తడబడాలి. నేనూ తడబడ్డాను.

ఎందుకు వదుల్తారంటే నిబంధన అది. 2001 నాటి ఏబీసీ రూల్స్ (వీధికుక్కల సంతతిని అదుపు చేసే నిబంధనలు) చెప్పిందీ, వాటి స్థానంలో 2023లో వచ్చినవి చెప్పిందీ ఒకటే: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఖాళీ అయిన వీధిలోకి ఆపరేషన్ కాని కొత్త కుక్కలు వస్తాయి కాబట్టి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లలోనే ఉంచమంది. పది పన్నెండు రోజుల్లోనే దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని వెనక్కి వదలమంది. నవంబరులో మళ్ళీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని అక్కడ వదలొద్దంది.

నవల దీని చుట్టూ తిరగాలని నాకనిపిస్తుంది. ఉండిపోదామని ఆమె వచ్చిన చోటు, వచ్చినవాటిని వెనక్కి పంపడానికి పెట్టింది. వ్యాన్ తలుపు తియ్యగానే కుక్క దూకి తన టీకొట్టు వైపు పరిగెడుతుంది, మన మొహం కూడా చూడదు. షెల్టర్‌లో ఉండిపోయేవి కాళ్ళు లేనివి, చూపు పోయినవి, పెంచి రోడ్డు మీద వదిలేసిన లాబ్రడార్లు. మరి ఈ అమ్మాయి వీటిలో ఏది? ఆ మాట ఆమెని ఎవరో ఒకరు అడగాలి, తాత అడిగితే ఇంకా బాగుంటుంది. నేనైతే ఇంటికి తిరిగొచ్చాను. చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి రమ్మంటుంది అమ్మ, ఇప్పటికీ.

రాసేముందు ఒక షెల్టర్‌కి వెళ్ళండి. ఆదివారం వద్దు, మామూలు రోజున వెళ్ళి చీకటిపడే దాకా ఉండండి. పాత దుప్పట్లు, న్యూస్‌పేపర్లు పట్టుకెళ్తే సంతోషిస్తారు. ఇంజెక్షన్ల సంగతి మాత్రం ముందే డాక్టర్ని అడగండి.